ముత్తాత పంచాంగాల్లో ఐదు చావులు (నెల్లూరు, 1922–34): ఈ పిల్లలు అసలు దేంతో పోయారు?

మూలాపేట మనవడు:

అందరికీ నమస్కారం. ఇంటి వాటాల గొడవలో వంశవృక్షం కావాల్సి వచ్చి మా పెద్దనాన్న కొడుకు పాత జనన మరణాల నకళ్లు తీయించాడు. సరిగ్గా అప్పుడే మా తాత ట్రంకుపెట్టెలో ముత్తాత వాడిన పంచాంగాలు బయటపడ్డాయి. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నప్పటి నుంచి నాకు వేరే పని సాగడం లేదు.

ముత్తాత గుమస్తా పని చేసేవాడు, అన్నీ రాసిపెట్టుకునే అలవాటు. పిల్లలు పుట్టిన ఘడియ, పోయిన ఘడియ ఆ నెల పేజీ అంచున సన్నటి అక్షరాలతో రాసుకున్నాడు. మా ముత్తవ్వకి మొత్తం ఎనిమిది కాన్పులు. మిగిలింది ముగ్గురు (1932, 1937, 1940లో పుట్టినవాళ్లు, 1937లో పుట్టింది మా తాత). మిగతా ఐదుగురూ ఏడాది నిండకుండానే పోయారు. వివరాలు ఇవీ:

1922, ఆడపిల్ల. ముత్తవ్వ పుట్టింట్లో, కోవూరు దగ్గర పల్లెలో పుట్టింది. "ఆరవ దినము నుండి పాలు పట్టలేదు, ఎనిమిదవ దినమున సంధి పుట్టి పోయినది" అని ఉంది. మున్సిపల్ రిజిస్టర్లో ఈ బిడ్డ పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు.

1924, మగపిల్లాడు, ఐదో నెల. ఇతనూ పల్లెలోనే పుట్టాడు కానీ పోయింది టౌన్లో. పంచాంగంలో "డొక్కలు ఎగరవేసి మూడు దినములు", రిజిస్టర్లో మాత్రం ఫీవర్.

1927, ఆడపిల్ల, పదకొండో నెల, వైశాఖం. రెండు చోట్లా విరేచనాలే.

1930, మగపిల్లాడు, ఏడో నెలలోనే పుట్టి జాము సేపు ఉన్నాడు. రిజిస్టర్లో లేడు.

1934, మగపిల్లాడు, మూడో నెల. "రాత్రి బాగుగానే యుండెను, తెల్లవారుసరికి లేడు" అని ఉంది. రిజిస్టర్లో కన్వల్షన్స్.

మా జేజి (నాయనమ్మ) ఇదంతా నాగదోషం అంటుంది, వెనకటి తరం అత్త ఎవరో పుట్ట తవ్వించిందట. మా తాతకైతే పుట్టగానే ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించి పెంటయ్య, కుప్పయ్య లాంటి పేరు ఒకటి పెట్టారు. చావుకి కూడా అసహ్యం పుట్టి వదిలేసి పోవాలని కాబోలు.

నేను అడిగేది ఏమంటే, ఈ పదాలు పట్టుకుని అసలు జబ్బు ఏంటో చెప్పగలమా? సంధి, ఫీవర్, కన్వల్షన్స్, ఇవి జబ్బుల పేర్లేనా అసలు? ఇంకోటి, ఎనిమిది మందిలో ఐదుగురు పోవడం ఆ రోజుల్లో మామూలా, లేక మా ఇంట్లోనే ఏదైనా ఉందా? నాకు ఈ మధ్యే పాప పుట్టింది, అందుకే ఈ పేజీలు మామూలుగా చదివి పక్కన పెట్టలేకపోతున్నా.

పాత సైకిల్:

తమ్ముడూ, ముందు పాపకి ఆశీస్సులు. నేను 1979 నుంచి ఉదయగిరి, ఆత్మకూరు పక్క పల్లెల్లో సైకిల్ మీద తిరిగి టీకాలు వేసిన వాణ్ణి, డాక్టర్ని కాదు. కానీ నువ్వు రాసిన వాటిలో ఒకటి రెండు నా కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నా.

పాత రిజిస్టర్ చదివేటప్పుడు కారణం గడిని చేత్తో మూసెయ్. వయసు గడి చూడు, అది కూడా నెలల్లో కాదు, రోజుల్లో. రాసినవాడికి జబ్బు తెలియకపోవచ్చు, బిడ్డ ఎన్ని రోజులది అనేది మాత్రం ఇంట్లో వాళ్లు పొరపాటు పడరు.

1922 పాప సంగతి నాకు దాదాపు అనుమానం లేదు. పుట్టినప్పుడు బాగానే ఉండి, నాలుగైదు రోజులు పాలు తాగి, ఆరో రోజు పాలు పట్టక, ఎనిమిదో రోజు ఒళ్లు విల్లులా వంగి పోయిందంటే అది ధనుర్వాతం. పసిపిల్లకి దవడ బిగిసిపోతుంది, చనుమొన పట్టలేదు, మీ ముత్తాత "పాలు తాగలేదు" అనకుండా "పాలు పట్టలేదు" అని రాశాడు చూడు, ఆయన చూసిందే రాశాడు. ఆ తర్వాత చిన్న చప్పుడైనా, ఎవరు ముట్టుకున్నా ఒళ్లంతా కొయ్యబారుతుంది. దాన్నే సంధి అన్నారు, బాలపాపచిన్నె అన్నారు, గాలి సోకింది అన్నారు. కొన్ని ఊళ్లలో పేరే ఎనిమిదో నాటి జబ్బు. కారణం బొడ్డు. కొడవలితోనో, వెదురు బద్దతోనో కోసి, దాని మీద బూడిద, పేడ లాంటివి అద్దేవాళ్లు. ఆ క్రిమి ఉండేది మట్టిలో, పేడలో. గాయంలోకి దిగిన తర్వాత మూడు నుంచి పద్నాలుగు రోజుల్లో బయటపడుతుంది, అందులోనూ ఎక్కువ మందికి వారం అటూ ఇటూ.

1981లోనో 82లోనో ఒక తండాలో ఇలాంటి బిడ్డని చూశాను. తల్లి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది, కదిలితే బిడ్డకి మళ్లీ బిగుసుకుంటుందని ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ తర్వాత గర్భిణికి రెండు టీటీ (ధనుర్వాతం టీకా) ఇంజెక్షన్లు పడితేనే గానీ నేను ఆ ఊరు వదిలేవాణ్ణి కాదు, తిట్టినా సరే. ఈ దేశంలో పురిటి ధనుర్వాతం పోయిందని ప్రకటించింది 2015లో. అంటే మొన్న.

1924 బాబుది న్యుమోనియా. డొక్కలు ఎగరేయడం అనే మాటకి మించిన రోగ నిర్ణయం లేదు, ఇప్పటికీ మా ఆశా వర్కర్లకి అదే నేర్పిస్తారు, చొక్కా ఎత్తి డొక్క చూడు, ఊపిరి లెక్కపెట్టు అని. ఒళ్లు కాలింది కాబట్టి రిజిస్టర్లో జ్వరం అయింది. కోరింత దగ్గు నుంచి దిగిందా, తట్టు నుంచి దిగిందా అన్నది చెప్పలేం. అప్పట్లో మందు లేదు కదా, సల్ఫా మందులు వచ్చిందే 1930ల చివర్లో, పెన్సిలిన్ మన దాకా రావడానికి ఇంకా పదేళ్లు పట్టింది.

1927 పాప విరేచనాలు, పదకొండో నెల, వైశాఖం. తల్లిపాలతో పాటు కూడు, ఆవుపాలు మొదలుపెట్టే వయసు, ఈగలు ముసిరే కాలం. ఉగ్గుగిన్నె కడిగిన నీళ్లు ఎక్కడివో దేవుడికే తెలియాలి. ఒంట్లో నీరు పోయి చనిపోయి ఉంటుంది. పైగా విరేచనాలు అవుతుంటే నీళ్లు ఆపేసేవాళ్లు, ఆ నమ్మకం నా సర్వీసు చివరి దాకా వినపడింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగిస్తే చాలని లోకానికి తెలిసింది 1970ల్లో.

ఏడో నెల బిడ్డ గురించి చెప్పేదేముంది. 1934 బాబు సంగతి మాత్రం నాకు అంతుబట్టలేదు, ఇంకెవరైనా చెప్పాలి.

పాతకాలమే మేలు:

ఇవన్నీ ఇంగ్లీషు వాళ్లు రాయించిన రికార్డులు, నమ్మేదేముంది. మా తాత రాగిసంకటి, పుంటికూర తిని 92 ఏళ్లు బతికాడు, ఒక్క మాత్ర మింగలేదు. ఆ తిండి, ఆ గాలి ఇప్పుడు ఎక్కడివి? ఇప్పుడు పుట్టగానే ఆసుపత్రి, పుట్టగానే సూదులు.

లెక్కల మాస్టారు (ఒంగోలు):

పైన రాసినాయనకి ముందు: మీ తాత 92 ఏళ్లు బతికాడు కాబట్టే మీరు ఇక్కడ కూర్చుని రాస్తున్నారు సార్. ఎనిమిదో రోజున పోయిన పాప మనవడు వచ్చి మీకు జవాబు రాయలేడు. 1920లలో ఈ దేశంలో పుట్టిన బిడ్డకి సగటు ఆయుర్దాయం 27 ఏళ్లు. అంటే అందరూ 27కి పోయారని కాదు, కొంతమంది 80 దాకా ఉన్నారు, చాలామంది మొదటి పుట్టినరోజు చూడలేదు, రెండూ కలిపి భాగిస్తే ఆ అంకె వచ్చింది. ఇంగ్లీషు వాళ్ల రికార్డు నమ్మనంటారా, ఇక్కడ రాసింది ముత్తాత, సొంత పంచాంగంలో.

ఇక అసలు ప్రశ్న. శిశు మరణాల రేటు అంటే ఏడాదిలో పుట్టిన ప్రతి వెయ్యి మందికి ఏడాది నిండకుండా పోయినవాళ్లు ఎందరు అని. బ్రిటిష్ ఇండియాకి అది 1920, 21ల్లో 200కి దగ్గర. 1937కి 162. అదే 1937లో ఇంగ్లండ్, వేల్స్‌లో 58, న్యూజీలాండ్‌లో 31. ఇప్పుడు మన దగ్గర 30 లోపు. దేశంలో ఆరోగ్య పరిస్థితి మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదికలో ఈ 1937 అంకెలన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. అందులోనే ఇంకో లెక్క ఉంది, అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు: మన దేశంలో ఆ రోజుల్లో జరిగే మొత్తం చావుల్లో దాదాపు సగం పదేళ్లలోపు పిల్లలవే. పాతిక శాతం దాకా ఏడాదిలోపు వాళ్లవి. ఇంగ్లండ్‌లో ఏడాదిలోపు వాళ్ల వాటా 7 శాతం కూడా లేదు.

మీ ఇంటి లెక్క చూస్తే ఎనిమిదికి ఐదు. సగటు ప్రకారం ఒకరో ఇద్దరో పోవాలి. కాబట్టి మామూలే అని నేను ఓదార్చను, సగటు కంటే బాగా ఎక్కువే. కానీ చావులు వెయ్యి ఇళ్లకి సమానంగా పంచుకుని రావు, కొన్ని ఇళ్లలో ఒక్కటీ ఉండదు, కొన్ని ఇళ్లలో వరసబెట్టి ఉంటాయి, ఎందుకంటే అదే తల్లి, అదే బావి, అదే మంత్రసాని, అదే గది. నాగదోషం అక్కర్లేదు దీనికి.

ఇద్దరు రిజిస్టర్లో ఎందుకు లేరు? 1922 పాప పల్లెలో పుట్టి పల్లెలోనే పోయింది కాబట్టి మున్సిపాలిటీకి సంబంధం లేదు. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1899 చట్టం ప్రకారం పల్లెలో ఈ పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. శిస్తు వసూలు చేసే చేత్తోనే చావులూ రాసేవాడు. ఆయనకి ఇచ్చిన గడులు ఎన్ని? కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు, దెబ్బలు, ఇతరములు. అంతే. ఎనిమిదో రోజు పోయిన పాపని వీటిలో ఎక్కడ రాస్తాడు? జ్వరాల్లోనో ఇతరాల్లోనో పడేస్తాడు. 1932 నుంచి 41 దాకా పదేళ్ల సగటు తీస్తే దేశం మొత్తం చావుల్లో నూటికి 58కి పైగా జ్వరాల గడిలోనే ఉన్నాయి. మనం భయపడి గుళ్లు కట్టిన కలరా, అమ్మవారు, ప్లేగు మూడూ కలిపినా నూటికి నాలుగే. జ్వరాల గడి ఒక చెత్తబుట్ట అనుకోండి, మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా, క్షయ అన్నీ అందులోనే.

1930 బాబు జాము సేపే ఉన్నాడు. అలాంటి బిడ్డని దహనం చేయరు, పాతిపెడతారు, పెద్దల చావుకి జరిగే హడావిడి ఏమీ ఉండదు. పుట్టినట్టు రాయించక ముందే పోయాడు, ఇక పోయినట్టు ఎవరు రాయిస్తారు. ఇలాంటి వాళ్లు ఎందరో లెక్కలోకి రాలేదు కాబట్టి ఆ 162 అనేది తక్కువ అంకె, ఎక్కువ అంకె కాదు.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది మీ 1924 బాబు. పుట్టుక పల్లె లెక్కలో, చావు టౌన్ లెక్కలో. పురుడుకి పుట్టింటికి పోయే మన ఆచారం టౌన్ రేటుని ఎట్లా పాడుచేస్తుందో ఇదొక్కటి చాలు. పై అంకెలో బిడ్డ ఉన్నాడు, కింద భాగించే అంకెలో లేడు. బొంబాయిలో 1921లో ఈ రేటు వెయ్యికి 600 దాటింది. మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు కాన్పుకి కొంకణం ఊళ్లకి పోయి చంటిబిడ్డతో తిరిగొచ్చేవాళ్లు, ఆ ఒంటిగది కూలీ ఇళ్లలో పిల్లలు నిజంగానే దారుణంగా పోయారు, కానీ 600లో కొంత భాగం ఈ భాగహారం తప్పే. కాబట్టి ఎక్కడైనా పాత పట్టణం రేటు చూసి పల్లెతో పోల్చేటప్పుడు ముందు పురుడు ఎక్కడ పోసేవాళ్లో అడగండి. కొన్ని చావులు ఎక్కకపోవడం, కొన్ని పుట్టుకలు ఎక్కకపోవడం, ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయిలే అని మా డిపార్ట్‌మెంట్లో ఒకాయన అనేవాడు. కొట్టేసుకోవు, ఏది ఎంతో తెలియనప్పుడు రెండూ మిగులుతాయి.

పాత కాగితాలు వెతికే మిగతా వాళ్లకి ఒక మాట. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అప్పటి దాకా మా ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1920ల అంకెలు చూసేటప్పుడు ఇది మర్చిపోతే వేరే ఊరి చావులు మన ఊరికి రాసుకుంటాం. ఆ దర్శి, పొదిలి పక్కనే నీళ్లలో ఫ్లోరిన్ వల్ల మనుషుల ఎముకలు బిగుసుకుపోతున్నాయని డాక్టర్లు గుర్తించి రాసింది 1937లో. తరాల తరబడి వంగిపోయి బతికారు, అది చంపే జబ్బు కాదు కాబట్టి ఏ గడిలోనూ పడలేదు. సరే, అది వేరే చర్చ.

కందుకూరు కోడలు:

చాలా ఆలస్యంగా చూశాను. నేను పోషకాహారం పాఠం చెప్తాను, అందుకని కొంచెం వేరే వైపు నుంచి వస్తా.

ముందు పాత సైకిల్ గారితో ఒక చిన్న పేచీ. ధనుర్వాతం అన్నది నేనూ ఒప్పుకుంటా. కానీ బొడ్డు కోసిన చేతి మీదే అంతా వేసి వదిలేయకండి సార్. మంత్రసాని అందుబాటులో ఉన్న కొడవలితో కోసింది, ఆ కొడవలి నీళ్లలో ఉడికించమని చెప్పాల్సిన వాళ్లు ఎవరూ ఆ గుమ్మంలోకి రాలేదు, పురిటి మైల అని. ఆడవాళ్లకి ఆడ డాక్టరే కావాలన్న రోజుల్లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ల ఆడవాళ్ల ఆసుపత్రి ఉండేది, ఒంగోల్లో మిషనరీ క్లౌ గారి పేరు మీద కట్టిన ఆసుపత్రి ఉండేది, రెండు జిల్లాలకీ కలిపి ఇట్లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడికి పోవడానికి కూడా మతం మారుస్తారేమోనని సగం మందికి భయం. మద్రాసు ప్రభుత్వం పబ్లిక్ హెల్త్ చట్టం చేసింది 1939లో, దేశంలోనే మొదటిది, తల్లీబిడ్డల సంరక్షణకి అందులో ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. మీ ముత్తవ్వ అప్పటికి ఏడుగురిని కనేసింది.

ఈ చర్చ మొత్తంలో ఆమె గురించి ఎవరూ మాట్లాడలేదు, అది గమనించారా? పద్దెనిమిదేళ్లలో ఎనిమిది కాన్పులు. ఏడో నెల బిడ్డ ఊరికే పుట్టడు. మలేరియా జ్వరాలు, రక్తం లేకపోవడం, ముందు బిడ్డకి పాలు ఇస్తుండగానే మళ్లీ నెల తప్పడం. పైగా మన పురిటి పథ్యం. నేను కోడలిగా వచ్చాక కూడా నాకు పదకొండు రోజులు కారప్పొడి అన్నం, కాయం ఉండలు తప్ప వేరేది పెట్టలేదు, నీళ్లు అడిగితే గుక్కెడు ఇచ్చి గ్లాసు లాక్కునేవాళ్లు. కూర లేదు, పప్పు లేదు, పండు లేదు. ఇది 1988 మాట. 1934లో ఎట్లా ఉండేదో ఊహించుకోండి.

ఇప్పుడు ఆ 1934 బాబు. మూడో నెల, తల్లిపాలు తాగే బిడ్డ, రాత్రి దాకా బాగున్నాడు, తెల్లారేసరికి లేడు. రిజిస్టర్లో కన్వల్షన్స్ అని ఉంది, మూడో నెలలో పురిటి ధనుర్వాతం రాదు కాబట్టి అది కాదు. జ్వరం వచ్చినట్టు మీ ముత్తాత రాయలేదు. నాకు ఒక అనుమానం ఉంది, కానీ ముందే చెప్తే మీరు దానికి తగ్గట్టు వెతుక్కుంటారు. అందుకే రెండు ప్రశ్నలు అడుగుతా. ఒకటి, ఆ ముందు రోజుల్లో బిడ్డ ఏడుపు గురించి, గొంతు గురించి ఏమైనా రాశారా? రెండు, 1933, 34ల్లో ఇంట్లో తిన్న బియ్యం ఏవి, ఎక్కడి నుంచి వచ్చేవి?

మూలాపేట మనవడు:

అక్కా, మీ రెండో ప్రశ్న చూసి నవ్వుకున్నా, బియ్యానికీ బిడ్డ చావుకీ ఏం సంబంధం అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మళ్లీ పంచాంగం తీశాను. చనిపోయిన రోజు పేజీలో కాదు, ముందు నెల పేజీలో అడుగున ఉంది, నేను ముందు చూడలేదు. "పిల్లవాడు నోరు తెరచి ఏడ్చుచున్నాడు గాని శబ్దము వెడలుట లేదు. గొంతుకు వస పట్టించితిమి." దాని కింద ఇంకో ముక్క, "దీని కాళ్లు తిమ్మిరులు" అని. "దీని" అంటే మా ముత్తవ్వ అని జేజి చెప్పింది, భార్య పేరు రాయరు కదా.

బియ్యం సంగతి జేజిని అడిగితే ఆలోచించకుండానే చెప్పింది. ముత్తాత 1933లో రైస్ మిల్లులో గుమస్తాగా చేరాడు, జీతంతో పాటు నెలకి సరిపడా మిల్లు బియ్యం వచ్చేవట. అంతకు ముందు దంపుడు బియ్యమే. "మల్లెపూలలాంటి బియ్యం, వీధిలో అందరూ మా అత్తని చూసి ఏడ్చేవాళ్లు" అని జేజి ఇప్పటికీ గొప్పగా చెప్తుంది, వాళ్ల అత్త చెప్పిన మాటే.

కందుకూరు కోడలు:

నేను అనుకున్నది బెరిబెరి. పెద్దవాళ్లకి వచ్చేది కాదు, చంటిపిల్లలకి వచ్చేది. బియ్యం పై పొరలో, తవుడులో బి1 విటమిన్ ఉంటుంది. మరలో పాలిష్ పట్టేసరికి అది పోతుంది, మనం మూడుసార్లు కడిగి గంజి వారిస్తే మిగిలింది కూడా పోతుంది. తల్లికి పెద్దగా ఏమీ తెలియదు, కాళ్లు తిమ్మిర్లు, మంటలు, అంతే. కానీ ఆమె పాలల్లో ఆ విటమిన్ ఉండదు. బిడ్డ పాలు తాగుతూ, బొద్దుగా కనపడుతూ, రెండో నెల నుంచి ఐదో నెల లోపల ఉన్నట్టుండి గుండె ఆగి పోతాడు. కొంతమందిలో ముందు గొంతు పోతుంది, ఏడుస్తాడు, శబ్దం రాదు. వేరే జబ్బుల్లోనూ గొంతు బొంగురుపోతుంది కానీ జ్వరం లేకుండా, ఆ వయసులో, తల్లికి తిమ్మిర్లతో కలిసి అంటే నాకు ఇదే తడుతుంది.

తమిళదేశంలో ఉప్పుడు బియ్యం తింటారు, వడ్లు ఉడికించి ఎండబెట్టాక దంచుతారు, ఆ ఉడకడంలో విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. మనం పచ్చి బియ్యం వాళ్లం. అందుకే మద్రాసు రాజధానిలో ఈ జబ్బు ఎక్కువగా ఉత్తర సర్కారు జిల్లాల్లో కనపడింది, కూనూరులో మెక్‌కారిసన్, నోరిస్ అనే పరిశోధకులు దీని మీద పనిచేసి 1924లో అచ్చు వేయించారు. తవుడులోంచి ఆ పదార్థాన్ని జావాలో విడదీసింది 1926లో. ఎయిక్‌మన్‌కి పాలిష్ బియ్యానికీ బెరిబెరికీ సంబంధం పట్టుకున్నందుకు నోబెల్ వచ్చింది 1929లో. మీ ఇంట్లో బాబు పోయింది 1934లో. తెలిసిన సంగతి తెలిసినవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ఇది నిరూపణ కాదు, గుర్తుపెట్టుకోండి. తొంభై ఏళ్ల కింద పోయిన బిడ్డకి పరీక్ష చేయలేం.

పాత సైకిల్:

అమ్మా, పేచీ ఒప్పుకున్నా. కొడవలి గురించి మీరు అన్నది నిజమే, మేం తర్వాత మంత్రసానులకి బ్లేడు, దారం, సబ్బు ఉన్న కిట్లు ఇచ్చి నేర్పిస్తే వాళ్లు మా కంటే శ్రద్ధగా చేశారు.

బియ్యం సంగతి నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. నేను చేరేసరికి అలాంటి కేసు చూసిన గుర్తు లేదు, లేక చూసి గుండెజబ్బు అనుకున్నానో ఏమో. తమ్ముడూ, మిల్లులో చేరాక పుట్టినవాళ్లు ఇంకో ఇద్దరు ఉన్నారు కదా, 1937, 1940. వాళ్లు ఎట్లా బతికారు? అది కూడా చూడాలి కదా.

లెక్కల మాస్టారు (ఒంగోలు):

అదే నేనూ అడగబోయాను. ఒక కారణం చెప్పినప్పుడు అది వర్తించని వాళ్లు ఎందుకు వర్తించలేదో కూడా చెప్పగలగాలి.

మూలాపేట మనవడు:

జేజిని మళ్లీ కూర్చోబెట్టి అడిగాను. 1934 తర్వాత ముత్తవ్వ భయపడిపోయి 1937 కాన్పుకి ఐదో నెలలోనే పుట్టింటికి పోయి, బిడ్డకి ఏడాది నిండాక గానీ తిరిగి రాలేదట. మొదటి పాప పోయిన ఊరే అయినా సరే, మిల్లు దగ్గర ఇల్లే కీడు అని ఆమె నమ్మకం. పల్లెలో దంపుడు బియ్యం, జొన్నలు. విస్తరాకుల మీద దొర్లించింది కూడా అక్కడే. ఆ బిడ్డే మా తాత.

1940లో పుట్టిన మా చిన్నతాత మాత్రం టౌన్లోనే, మిషన్ ఆసుపత్రిలో పుట్టాడు, మిల్లు ఇంట్లోనే పెరిగాడు. ఆయన విషయంలో బియ్యం లెక్క కుదరదు. జేజికి గుర్తున్నది ఒక్కటే, అక్కడి నర్సమ్మ ముత్తవ్వని పథ్యం పెట్టొద్దని, పప్పు, ఆకుకూర తినమని తిట్టి పంపిందట, ముత్తవ్వ ఇంటికొచ్చి ఆ మాట అత్తకి చెప్పకుండా దొంగతనంగా తిన్నదట.

కందుకూరు కోడలు:

దొంగతనంగా తిన్న ఆ పప్పు గురించి జేజికి ఇంకేమైనా గుర్తుందేమో అడుగు తమ్ముడూ, ఎన్ని నెలలు తిన్నది, ఎవరు తెచ్చిచ్చేవాళ్లు అని. ఆ రెండు పంచాంగం పేజీలూ పాడైపోక ముందే ఎండ తగలని చోట ఫోటో తీసి పెట్టుకో. నీ పాపకి మూడో టీకా ఎప్పుడు?

మూలాపేట మనవడు:

వచ్చే బుధవారం అక్కా. జేజి కూడా వస్తానంటోంది, సూది వేసేటప్పుడు నేనే ఎత్తుకుంటా అని.